ప్రోగ్రాం ముగిశాక ఆ మెమరీ ఎవరిది?

పాత హోమ్ కంప్యూటర్లలో ప్రోగ్రాంని మొదలుపెట్టడం చాలా తేలిక. ఫైల్‌ని మెమరీలోకి చదవాలి, మొదటి ఇన్‌స్ట్రక్షన్ దగ్గరికి జంప్ చేయాలి, అంతే. తిప్పలన్నీ అది ముగిసేటప్పుడు మొదలవుతాయి. వాడిన మెమరీని ఎవరు వెనక్కి తీసుకోవాలి? పిలిచిన ప్రోగ్రాం ఇంకా తన చోట తను క్షేమంగా ఉందా? 8080, 8088, 68000 చిప్‌లలో మెమరీకి కాపలా కాసే ఎంఎంయూ లేదు. ఏ ప్రోగ్రాం అయినా ఎక్కడైనా రాసెయ్యొచ్చు, ఆపరేటింగ్ సిస్టమ్ తన లెక్కలు రాసుకున్న చోట కూడా. అందుకే ఆనాటి సిస్టమ్ ఏదైనా చేతికొస్తే ముందు చూడాల్సింది ఒకటే: ప్రోగ్రాం పోయాక దాని మెమరీ ఎవరి పేరున ఉంటుంది? సీపీ/ఎం, ఎంఎస్-డాస్, మాక్, అమీగా ఈ ప్రశ్నకి తలో జవాబు చెప్పాయి. ఎమ్యులేటర్‌లో వీటికి కోడ్ రాసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది కూడా ఇక్కడే. (కింద హెక్స్, అంటే 16 ఆధారంగా రాసే సంఖ్యలకి మామూలుగా చివర ‘హెచ్’ ఉంటుంది; ఏహెచ్ ఒక్కటే రిజిస్టర్ పేరు.)

సీపీ/ఎం: అడిగేవాడే లేడు

గ్యారీ కిల్డాల్ 1974లో మొదలుపెట్టిన సీపీ/ఎంలో ప్రాసెస్ అనే ఊహే లేదు. 2.2 వెర్షన్ తీసుకుంటే, మెమరీ అడుగున 256 బైట్ల జీరో పేజీ ఉంటుంది. పై కొసన కమాండ్ లైన్ చూసుకునే సీసీపీ (2 కేబీ), దాని మీద ఫైళ్ల పని చేసే బీడాస్ (3.5 కేబీ), అన్నిటికీ పైన మిషన్‌ని బట్టి మారే బయాస్. 0100హెచ్ నుంచి సీసీపీ దాకా మధ్యలో ఉన్నదంతా టీపీఏ, అంటే ప్రోగ్రాంకి వదిలిన జాగా.

మీరు టైప్ చేసిన పేరుకి .కామ్ తగిలించి సీసీపీ ఫైల్‌ని వెతుకుతుంది. 128 బైట్ల రికార్డులుగా 0100హెచ్ నుంచి పేర్చుకుంటూ పోతుంది. తన కోడ్ మీదికే వచ్చేలా ఉంటే ‘బ్యాడ్ లోడ్’ అని ఆగిపోతుంది. అంతా సరిపోతే మొదటి రెండు మాటల్ని ఫైల్ పేర్లనుకుని 005సీహెచ్, 006సీహెచ్ దగ్గర ఎఫ్‌సీబీలుగా (ఫైల్ వివరాలు ఉండే దిమ్మలుగా) మలుస్తుంది. కమాండ్ పేరు తర్వాత ఉన్న లైన్ మొత్తాన్ని, పొడవు బైట్‌తో సహా, 0080హెచ్ దగ్గర పెట్టి 0100హెచ్‌ని కాల్ చేస్తుంది. ఇక్కడే మొదటి గొయ్యి. 0080హెచ్ నుంచి ఉన్న 128 బైట్లే డిస్క్ బఫర్ కూడా. మొదటి ఫైల్ రీడ్‌తోనే మీ కమాండ్ లైన్ చెరిగిపోతుంది. ఆర్గ్యుమెంట్లు కావాలంటే ఏ ఫైలూ ముట్టకముందే వేరే చోటికి కాపీ చేసుకోవాలి. రెండో ఎఫ్‌సీబీది కూడా ఇలాంటి గొడవే: మొదటి ఎఫ్‌సీబీని ఓపెన్ చేస్తే అది పెరిగి రెండోదాన్ని మింగేస్తుంది.

బయటికి రావడానికి రెండు దారులు. సీసీపీ ఇచ్చిన స్టాక్ (తిరిగెళ్లే అడ్రస్‌లు దాచే చోటు) చెడిపోకుండా ఉంటే మామూలు రెట్, అంటే తిరిగెళ్లే ఇన్‌స్ట్రక్షన్, చాలు. కానీ ఆ స్టాక్‌లో 8 అడ్రస్‌లే పడతాయి, అందులో ఒకటి సీసీపీకి తిరిగెళ్లే అడ్రస్. అంటే మీకు మిగిలేవి 7. నాలుగైదు కాల్స్ లోతుకి వెళ్లి, మధ్యలో రెండు రిజిస్టర్లు పుష్ చేస్తే అయిపోయినట్టే. రెండో దారి సున్నా అడ్రస్‌కి జంప్ చేయడం. దీన్ని వార్మ్ బూట్ అంటారు. అప్పుడు బయాస్ సీసీపీని, బీడాస్‌ని డిస్క్ నుంచి మళ్లీ చదువుకుంటుంది. అందుకే పెద్ద ప్రోగ్రాంలు సీసీపీ ఉన్న 2 కేబీని కూడా దర్జాగా వాడేసుకునేవి. పై హద్దు ఎక్కడో తెలుసుకోవాలంటే 0006హెచ్ దగ్గరి వర్డ్ చదవాలి. అది బీడాస్‌లోకి వెళ్లే అడ్రస్. అందులోంచి 0806హెచ్ తీసేస్తే సీసీపీ మొదలు. సీసీపీని తొక్కదలచుకుంటే 0006హెచ్‌లో ఉన్న అడ్రస్‌నే స్టాక్ పాయింటర్‌లో వేసుకోవచ్చు.

మెమరీని రిజర్వ్ చేసుకోవడానికి కాల్ లేదు. దానికో గడుసు ఉపాయం ఉంది: డీడీటీ డీబగ్గర్ తనని తాను బీడాస్ కిందికి, సీసీపీ ఉన్న చోటికి జరుపుకుని, 0006హెచ్‌లో తన అడ్రస్ రాసేస్తుంది. ఇక మిగతా ప్రోగ్రాంలకి కప్పు అక్కడే ఉందనిపిస్తుంది. అబద్ధం చెప్పి జాగా సంపాదించుకోవడం అన్నమాట. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంని పిలవడానికీ 2.2లో కాల్ లేదు. $$$.సబ్ అనే ఫైల్‌లో కమాండ్లని చివరి నుంచి మొదటికి, రికార్డుకి ఒకటి చొప్పున రాసి వార్మ్ బూట్ చేస్తే, సీసీపీ చివరి రికార్డు తీసుకుని నడిపిస్తుంది. సీపీ/ఎం 3లో ఫంక్షన్ 47 వచ్చాక ఈ పాట్లు తప్పాయి. అదైనా తిరిగి రాని పిలుపే, పిలిచినది అక్కడితో సరి.

ఎంఎస్-డాస్: ప్రతి బ్లాకు మీదా ఓ పేరు

డాస్ 1లో సీపీ/ఎం వాసన పోలేదు. 1983 మార్చిలో వచ్చిన డాస్ 2.0తో అసలు సంగతి మారింది. డాస్ సేవల్ని పిలిచే ఇంట్ 21హెచ్‌లోకి 48హెచ్ (మెమరీ అడగడం), 49హెచ్ (వదలడం), 4ఏహెచ్ (సైజు మార్చడం), 4బీహెచ్ (ప్రోగ్రాంని నడపడం), 4సీహెచ్ (రిటర్న్ కోడ్‌తో ముగించడం), 4డీహెచ్ (ఆ కోడ్ చదవడం) ఒకేసారి వచ్చాయి. ఇవన్నీ ఒకే గొలుసు మీద ఆధారపడతాయి.

మెమరీలోని ప్రతి బ్లాకుకీ ముందు 16 బైట్ల తలకట్టు ఉంటుంది, దాని పేరు ఎంసీబీ. అందులో మొదటి 5 బైట్లే కీలకం. ఒక ఉదాహరణ విప్పి చూద్దాం. సెగ్మెంట్ (16 బైట్ల మెట్లలో లెక్కపెట్టే అడ్రస్) 1234హెచ్ దగ్గర ఈ బైట్లు కనిపించాయనుకోండి: 4డీ 35 12 00 02. 4డీహెచ్ అంటే ‘ఎం’ అక్షరం, ఇంకా బ్లాకులు ఉన్నాయని అర్థం. చివరి బ్లాకుకైతే 5ఏహెచ్, అంటే ‘జెడ్’ ఉంటుంది. తర్వాతి రెండు బైట్లు తిరగేసి చదివితే 1235హెచ్, ఇది యజమాని. సున్నా ఉంటే బ్లాకు ఖాళీ, 8 ఉంటే డాస్ సొంతం. ఆ తర్వాత 0200హెచ్, సైజు. 16 బైట్ల పారాగ్రాఫుల్లో 512, అంటే 8 కేబీ. తర్వాతి ఎంసీబీ ఎక్కడంటే 1234 + 1 + 0200 = 1435హెచ్. గొలుసు మొదలు కావాలంటే ఏహెచ్ రిజిస్టర్‌లో 52హెచ్ పెట్టి ఇంట్ 21హెచ్ పిలవాలి. ఈఎస్:బీఎక్స్ రిజిస్టర్ల జతలో ఒక అడ్రస్ తిరిగొస్తుంది, దానికి 2 బైట్లు వెనకున్న వర్డే మొదటి ఎంసీబీ సెగ్మెంట్.

ఆ యజమాని వర్డ్‌లో ఉన్నది ప్రోగ్రాం తాలూకు పీఎస్‌పీ సెగ్మెంట్. పీఎస్‌పీ అంటే ప్రతి ప్రోగ్రాం నెత్తిన డాస్ కట్టే 256 బైట్ల దిమ్మ. 0006హెచ్, 005సీహెచ్, 0080హెచ్ లాంటి సీపీ/ఎం గుర్తులు అందులో అలాగే ఉన్నాయి, వాటితో పాటు 16హెచ్ దగ్గర పిలిచినవాడి పీఎస్‌పీ, 18హెచ్ దగ్గర 20 ఫైల్ హ్యాండిళ్ల పట్టీ, 2సీహెచ్ దగ్గర ఎన్విరాన్‌మెంట్ (సెట్టింగుల పట్టీ) సెగ్మెంట్ చేరాయి. డాస్‌లో ప్రాసెస్ ఐడీ అంటే ఈ సెగ్మెంట్ నంబరే. ప్రోగ్రాం ముగియగానే డాస్ గొలుసు వెంట నడుచుకుంటూ ఆ నంబరు ఉన్న ప్రతి బ్లాకునీ ఖాళీ చేస్తుంది. ఒకేసారి ఒక్క పనే చేసే సిస్టమ్‌లో ఇంత చక్కటి లెక్క ఉండటం నాకైతే ఇప్పటికీ ముచ్చటగానే అనిపిస్తుంది.

ఇక 4బీహెచ్‌తో ఇంకో ప్రోగ్రాంని నడిపే పద్ధతి. .కామ్ ప్రోగ్రాం లోడయ్యేటప్పుడు ఉన్నవాటిలో అతి పెద్ద బ్లాకు మొత్తం దాని పేరునే రాసేస్తారు. .ఈఎక్స్‌ఈ కూడా అంతే, ఎందుకంటే దాని హెడర్‌లో ‘గరిష్ఠంగా ఎంత కావాలి’ అన్న చోట లింకర్లు మామూలుగా ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్‌హెచ్ వేస్తాయి. కాబట్టి ఏమీ చేయకుండా 4బీహెచ్ పిలిస్తే ఎర్రర్ 8 వస్తుంది, మెమరీ చాలలేదని. 640 కేబీ మిషన్‌లో 10 కేబీ ప్రోగ్రాం నడుస్తుంటే కూడా ఇదే జవాబు! ముందు మీరు ఒళ్లు తగ్గించుకోవాలి.

.కామ్‌కి 8 కేబీ చాలనుకుంటే, మొదట స్టాక్ పాయింటర్‌ని 2000హెచ్‌కి దించండి. ఆ తర్వాతే ఈఎస్‌లో పీఎస్‌పీ, బీఎక్స్‌లో 0200హెచ్ పెట్టి 4ఏహెచ్ పిలవండి. స్టాక్ దించడం మరిచిపోతే అది ఎఫ్ఎఫ్ఎఫ్ఈహెచ్ దగ్గరే, ఇప్పుడు మీది కాని మెమరీలో, ఉండిపోతుంది. తమాషా ఏమిటంటే చిన్న ప్రోగ్రాంని పిలిచినంతకాలం అంతా బాగానే నడుస్తుంది. పిలిచింది దాదాపు 56 కేబీ పైకి పాకినప్పుడే మీ స్టాక్ మీద పడుతుంది. అప్పుడు కూడా అది తన పని శుభ్రంగా ముగిస్తుంది, కుప్పకూలేది మీరు, వెనక్కి వచ్చాక. ‘చిన్నవి పిలిస్తే సరే, పెద్దవి పిలిస్తే హ్యాంగ్’ అనే ఫిర్యాదు ఎక్కడ కనిపించినా ముందు ఈ వరసే చూడాలి.

తర్వాత 14 బైట్ల పారామీటర్ బ్లాకు. ఎన్విరాన్‌మెంట్ సెగ్మెంట్ (సున్నా ఇస్తే మీదే కాపీ అవుతుంది), కమాండ్ లైన్‌కి ఫార్ పాయింటర్ (సెగ్మెంట్‌తో సహా పూర్తి అడ్రస్), రెండు ఎఫ్‌సీబీలకి రెండు ఫార్ పాయింటర్లు. కమాండ్ లైన్ అంటే ఒక పొడవు బైట్, ఒక స్పేస్, తర్వాత పాఠం, చివర 0డీహెచ్. ఆ 0డీహెచ్ పొడవులో లెక్కకి రాదు. ఒకటి ఎక్కువ లెక్కపెడితే కొన్ని ప్రోగ్రాంలు ఆఖరి ఆర్గ్యుమెంట్‌కి చెత్త అంటించుకుంటాయి. డీఎస్:డీఎక్స్‌లో పూర్తి ఫైల్ పేరు, ఎక్స్‌టెన్షన్‌తో సహా. 4బీహెచ్ పాత్ వెతకదు, బ్యాచ్ ఫైళ్లు నడపదు. డిర్ లాంటివి కావాలంటే ఎన్విరాన్‌మెంట్‌లో కామ్‌స్పెక్ చూపించే కమాండ్ ఇంటర్‌ప్రిటర్‌ని /సీ తో పిలవాలి.

డాస్ 2లో 4బీహెచ్ తిరిగొచ్చేసరికి సీఎస్:ఐపీ తప్ప ఏ రిజిస్టరూ మిగలదు, స్టాక్ చోటు చెప్పే ఎస్ఎస్, ఎస్‌పీ కూడా. వాటిని కోడ్ సెగ్మెంట్‌లోనే రెండు వేరియబుల్స్‌లో దాచుకోవాలి. వేరే చోట దాస్తే డీఎస్ పోయాక దొరకవు. తిరిగి పెట్టేటప్పుడు చుట్టూ సీఎల్ఐ, ఎస్‌టీఐ (ఇంటరప్ట్‌లని ఆపే, మళ్లీ వదిలే ఇన్‌స్ట్రక్షన్లు) తప్పనిసరి. మామూలుగా ఎస్ఎస్‌లో రాసిన వెంటనే ఒక ఇన్‌స్ట్రక్షన్ దాకా ఇంటరప్ట్ రాకూడదు గానీ, తొలి 8088 చిప్‌లలో ఆ కట్టడి పనిచేయదు. రిటర్న్ కోడ్‌ని 4డీహెచ్ ఒక్కసారే ఇస్తుంది. ఏఎల్‌లో కోడ్, ఏహెచ్‌లో ముగిసిన తీరు: 0 మామూలుగా, 1 కంట్రోల్-సీ, 2 డిస్క్ లాంటి తీవ్రమైన ఎర్రర్, 3 మెమరీలో ఉండిపోయింది.

ఆ 3వ తీరు, అంటే ముగిసినా మెమరీలో ఉండిపోయే టీఎస్ఆర్ ప్రోగ్రాం, ఈ లెక్కల పుస్తకానికి పెద్ద పరీక్ష. 31హెచ్‌తో ముగించినప్పుడు డీఎక్స్‌లో ఎన్ని పారాగ్రాఫులు ఉంచుకోవాలో చెప్పాలి, పీఎస్‌పీ తాలూకు 16 కూడా కలుపుకుని. అవి మరిచిపోతే కోడ్ చివరి 256 బైట్లు కోతపడతాయి, తర్వాత వచ్చే ప్రోగ్రాం వాటి మీద కూర్చుంటుంది. ఎన్విరాన్‌మెంట్ వేరే బ్లాకు కాబట్టి దాన్ని ముందే 49హెచ్‌తో వదిలెయ్యాలి, లేకపోతే అది ఊరికే పడి ఉంటుంది. అన్నిటికంటే చెడ్డది టీఎస్ఆర్‌ని ఎడిటర్‌లోంచి షెల్‌కి వెళ్లి లోడ్ చేయడం. ఎడిటర్, షెల్ ముగిశాక వాటి జాగా కింద ఖాళీ అవుతుంది, టీఎస్ఆర్ మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడిపోతుంది. మొత్తం ఖాళీ ఎంతున్నా ఒకే ముక్కగా ఉండదు. బీఎక్స్‌లో ఎఫ్ఎఫ్ఎఫ్ఎఫ్‌హెచ్ పెట్టి 48హెచ్ అడిగితే అతి పెద్ద ముక్క ఎంతో తెలుస్తుంది, ‘ప్రోగ్రాం టూ బిగ్’ అన్న మెసేజ్‌కి కారణం అక్కడే దొరుకుతుంది.

గొలుసు కాపలా లేని చోట ఉందని మొదట్లోనే అనుకున్నాం కదా. మీ బ్లాకు దాటి ఒక్క బైట్ రాస్తే పక్క ఎంసీబీలోని ‘ఎం’ చెరిగిపోతుంది. వెంటనే ఏమీ కాదు. మళ్లీ ఎవరైనా మెమరీ అడిగినప్పుడో వదిలినప్పుడో డాస్ గొలుసు నడిచి, ‘ఎం’ గానీ ‘జెడ్’ గానీ కాని బైట్ చూసి ఎర్రర్ 7 ఇస్తుంది. లేదా ప్రోగ్రాం ముగిశాక ‘మెమరీ అలొకేషన్ ఎర్రర్’ అని మొత్తం సిస్టమ్ ఆగిపోతుంది. తప్పు చేసినవాడు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు. పట్టుకోవాలంటే అనుమానం ఉన్న ప్రతి పనికీ ముందూ వెనకా గొలుసు నడిచి చూసే పది లైన్ల రొటీన్ ఒకటి కోడ్‌లో పెట్టుకోవడమే దారి.

ఒక పక్క మాట. 1991లో డాస్ 5 తన కోడ్‌ని 1 ఎంబీ పైనున్న హెచ్ఎంఏలోకి జరుపుకున్నాక కింద జాగా పెరిగింది, ప్రోగ్రాంలు మొదటి 64 కేబీలోనే లోడవడం మొదలైంది. అప్పుడు ఎక్స్‌ఈప్యాక్‌తో కుదించిన పాత ఫైళ్లు కొన్ని ‘ప్యాక్డ్ ఫైల్ ఈజ్ కరప్ట్’ అన్నాయి. ఫైల్‌లో ఏ లోపమూ లేదు. దాన్ని విప్పే కోడ్ అడ్రస్ 1 ఎంబీ దగ్గర చుట్టు తిరిగి సున్నాకి వస్తుందని నమ్ముకుంది, అడ్రస్‌ని 1 ఎంబీ పైకి పోనిచ్చే ఏ20 లైన్ ఆన్‌లో ఉంటే అది తిరగదు. లోడ్‌ఫిక్స్ కమాండ్ చేసేదల్లా ఆ 64 కేబీని నింపేసి ప్రోగ్రాంని పైకి నెట్టడమే. మెమరీ ఎక్కువై చెడిపోయిన ప్రోగ్రాంలు ఇవే కాబోలు.

మాక్: ఇల్లే కూల్చేస్తే సరి

1984 నాటి 128 కేబీ మాక్ సంగతి క్లుప్తంగా. కొత్త అప్లికేషన్ మొదలైనప్పుడల్లా అప్లికేషన్ హీప్ (ప్రోగ్రాం అడిగే మెమరీ ఉండే చోటు) మొత్తాన్ని కొత్తగా కట్టేస్తారు, పాతది ఎవరిదనే ప్రశ్నే రాదు. చిన్న మెమరీ ముక్కలైపోకుండా బ్లాకుల్ని సిస్టమే జరుపుతుంటుంది. అందుకే ప్రోగ్రాం చేతికి పాయింటర్ బదులు హ్యాండిల్, అంటే పాయింటర్‌కి పాయింటర్, ఇస్తుంది. మరీ అవసరమైతే హెచ్‌లాక్‌తో కట్టి ఉంచాలి. ఇందులో దొంగ దెబ్బ ఒకటుంది: హ్యాండిల్ లోపలి ఫీల్డ్‌కి ఒక ఫంక్షన్ విలువని అసైన్ చేస్తే, కంపైలర్ ముందు ఫీల్డ్ అడ్రస్ లెక్కగట్టి తర్వాత ఫంక్షన్‌ని పిలవొచ్చు. ఆ ఫంక్షన్ మెమరీ అడిగి బ్లాకు జరిగిందంటే, విలువ పాత చోట పడుతుంది. ముందు విలువని లోకల్ వేరియబుల్‌లోకి తీసుకోండి, ఆ తర్వాతే ఫీల్డ్‌లో పెట్టండి.

అమీగా: లెక్క మీదే, బాధ్యతా మీదే

1985లో వచ్చిన అమీగా ఇంటి కంప్యూటర్‌లో నిజమైన ప్రీఎంప్టివ్ మల్టీటాస్కింగ్ (నడుస్తున్న పనిని సిస్టమే ఆపి ఇంకోదానికి మారడం) చూపించింది. కార్ల్ సాసెన్‌రాత్ రాసిన ఎగ్జెక్ టాస్కుల్ని నడిపేది, ట్రైపోస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నుంచి వచ్చిన అమీగాడాస్ ఆ టాస్కుకి ఫైళ్లు, మెసేజ్ పోర్ట్ తగిలించి ప్రాసెస్ అనేది. ఇంత చేసినా, డాస్‌లో ఉన్న ఆ యజమాని వర్డ్ మాత్రం ఇక్కడ లేదు. టాస్కులు మాట్లాడుకునేది మెసేజ్‌లతో, మెసేజ్ అంటే కాపీ చేయని పాయింటర్. మీరు అడిగిన మెమరీని ఇంకో టాస్క్ వదలొచ్చు. ఆ స్వేచ్ఛ వల్లే సిస్టమ్ అంత వేగం, ఆ స్వేచ్ఛ వల్లే ప్రోగ్రాం చచ్చినప్పుడు ఏది ఎవరిదో సిస్టమ్‌కి తెలియదు. వదలని మెమరీ రీబూట్ దాకా పోయినట్టే.

మెమరీ అడిగే కాల్ అలాక్‌మెమ్ 8 బైట్ల చొప్పున ఇస్తుంది. కారణం సరళం: ఖాళీ ముక్కలోనే మొదట 4 బైట్ల ‘తర్వాతిది’ పాయింటర్, 4 బైట్ల సైజు రాసి గొలుసు కడతారు, అంతకంటే చిన్న ముక్కకి చోటు చాలదు. బ్లాకు ఎంతదో ఎక్కడా రాసి ఉండదు, కాబట్టి ఫ్రీమెమ్‌కి సైజు మీరే చెప్పాలి. 100 అడిగి 108 వదిలితే పక్కవాడి మెమరీ కూడా ఖాళీ జాబితాలోకి వెళ్తుంది. (100 అడిగి 104 అంటే మాత్రం రెండూ 104కే గుండ్రం అవుతాయి గనక బయటపడతారు.) కాసేపటికి గురు మెడిటేషన్ అనే క్రాష్ మెసేజ్‌లో 81000005 కనిపిస్తుంది, ఖాళీ జాబితా చెడిందని. పక్కనుండే రెండో నంబరు ఆ క్షణాన నడుస్తున్న టాస్క్ అడ్రస్. నేరం దానిదే అనుకుంటే పొరబాటు.

చిప్ మెమరీయే కావాలని చెప్పే మెమ్‌ఎఫ్_చిప్ ఫ్లాగ్ మరిచిపోవడం ఇంకో పాత రోగం. బొమ్మలు, శబ్దం చూసుకునే చిప్‌లకి చిప్ మెమరీ మాత్రమే అందుతుంది. 512 కేబీ మిషన్‌లో ఉన్నదంతా అదే, ఫ్లాగ్ లేకపోయినా పనిచేస్తుంది. ఆ చిప్‌లకి అందని ఫాస్ట్ మెమరీ తగిలించిన మిషన్‌లో పెట్టగానే తెర మీద చెత్త గీతలు.

ప్రాసెస్ పుట్టించడానికి ఫైల్‌ని మెమరీలోకి తెచ్చే లోడ్‌సెగ్, ఆ వెంట క్రియేట్‌ప్రాక్: దానికి ఇవ్వాల్సినవి పేరు, ప్రయారిటీ, సెగ్‌లిస్ట్ (లోడైన ముక్కల గొలుసు), స్టాక్ సైజు. లోడ్‌సెగ్ ఇచ్చేది బీపీటీఆర్, అంటే అడ్రస్‌ని 4తో భాగించిన విలువ. 4తో గుణిస్తే మొదట తర్వాతి ముక్కకి లింకు, దాని తర్వాతి 4వ బైట్ నుంచి కోడ్. క్రియేట్‌ప్రాక్ తిరిగిచ్చేది ప్రాసెస్ అడ్రస్ అనుకుంటారు చాలామంది, అది దాని మెసేజ్ పోర్ట్ అడ్రస్. ప్రాసెస్ మొదలు కావాలంటే 92 బైట్లు తీసేయాలి. స్టాక్ పెరగదు. సీఎల్ఐలో (అమీగా కమాండ్ లైన్‌లో) మామూలుగా వచ్చేది 4000 బైట్లే, ఒక ఫంక్షన్‌లో 2 కేబీ లోకల్ బఫర్ పెట్టి దాన్ని రెండుసార్లు రికర్స్ చేస్తే పక్క బ్లాకులో ఉంటారు.

క్రియేట్‌ప్రాక్‌తో పుట్టిన ప్రాసెస్ ముగిసినా దాని కోడ్ మెమరీలోనే ఉంటుంది. తల్లి ప్రాసెసే అన్‌లోడ్‌సెగ్ పిలవాలి. పిల్ల ముగిసిందని తల్లికి ఎలా తెలుస్తుంది? మొదట్లో తల్లి ఒక మెసేజ్ పంపుతుంది, పిల్ల చివర్లో రిప్లైమెసేజ్‌తో దాన్ని తిరిగిస్తుంది. కానీ రిప్లై అయ్యాక పిల్లకి ఇంకా కొన్ని ఇన్‌స్ట్రక్షన్లు మిగిలి ఉంటాయి, కనీసం చివర తిరిగెళ్లే ఆర్‌టీఎస్. సరిగ్గా అప్పుడే షెడ్యూలర్ తల్లిని లేపితే, పిల్ల కాళ్ల కింది కోడ్ ఖాళీ జాబితాలోకి పోతుంది. నూటికి తొంభైసార్లు ఏమీ కాదు, మిగతా పదిసార్లు కారణం దొరకదు. అందుకే రిప్లైకి ముందు ఫర్బిడ్ పిలిచి టాస్కులు మారకుండా ఆపాలి, ఆ తర్వాత పర్మిట్ పిలవకుండానే బయటికి వచ్చేయాలి. ఫర్బిడ్ లెక్క టాస్కుకి విడివిడిగా ఉంటుంది కాబట్టి ఆ టాస్క్ పోవడంతో అదీ పోతుంది. తల్లి నిద్ర లేచేసరికి పిల్ల పూర్తిగా వెళ్లిపోయి ఉంటుంది. అమీగా డెస్క్‌టాప్ అయిన వర్క్‌బెంచ్ నుంచి ఐకాన్ నొక్కి మొదలయ్యే ప్రోగ్రాంలకీ ఇదే పద్ధతి. సీ కంపైలర్ల స్టార్టప్ కోడ్ చివర్లో జతలేని ఆ ఫర్బిడ్ కనిపిస్తే తప్పనుకుని దిద్దకండి.